బందరు మగ్గం నుంచి మన ఆఫర్ లెటర్ దాకా: కూలీ ఎలా పుట్టాడు?

ఈ ఎపిసోడ్ మోపిదేవిలో మా డాబా మీద నుంచి చేస్తున్నా. గాలి సౌండ్ వస్తే ఏమనుకోకండి.

నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశా. ఒక సోమవారం లాగిన్ అవ్వలేదు. మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ వెనక్కి పంపమని మెయిల్. ఐదేళ్లు రాసిన కోడ్‌లో ఒక్క లైన్ కూడా నాది కాదు. బీటెక్ చదివినా మనమూ కూలీలమేనా అనిపించింది. అసలు ఈ కూలి బతుకు ఎలా మొదలైంది?

దీనికోసం లండన్ వెళ్లక్కర్లేదు. బస్సెక్కి బందరు వెళ్తే చాలు.

గోల్కొండ సుల్తానుల కాలంలో అది పెద్ద రేవు. డచ్చివాళ్లు 1605లో వచ్చారు, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో. ఎందుకు? మన నూలు బట్టలు, కలంకారీ కోసం. అప్పటి నేతగాడు పేదవాడే కావచ్చు. కానీ మగ్గం తనది. కొనేవాళ్లు నలుగురు. ఒకడు ధర తగ్గిస్తే ఇంకొకడి దగ్గరికి పోవచ్చు. అదే అతని బలం.

వర్తకులు నూలు కొనుక్కోమని ముందే బయానా ఇచ్చేవాళ్లు. పోటీ ఉన్నంతకాలం అది సాయమే. 1759లో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోట గెలిచారు. కొన్నేళ్లకి ఉత్తర సర్కారుల్లో ఎక్కువ భాగం వాళ్ల చేతికొచ్చింది. అంటే కొనేవాడే పాలకుడయ్యాడు! ఇక బయానా తీసుకున్నవాడు బయట అమ్మడానికి లేదు. మగ్గం తనదే, బేరం మాత్రం తనది కాదు.

అటు ఇంగ్లండ్‌లో 1700, 1721 చట్టాలతో మన అద్దకం బట్టల వాడకాన్ని ఆపేశారు. అక్కడి పల్లెల్లో ఉమ్మడి భూములకు కంచెలు పడ్డాయి, భూమి పోయినవాళ్లు మిల్లుల దారి పట్టారు. ఆ మిల్లు బట్ట 19వ శతాబ్దంలో మన సంతలకే వచ్చింది. ఇక్కడ మగ్గం దిగినవాళ్లలో చాలామంది పొలం కూలికి వెళ్లారు.

1855కి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలువలొచ్చాయి, వరి అమ్మకం పంట అయింది. భూమి ఉన్నవాళ్ల మిగులు తర్వాత రైసు మిల్లుల్లోకి, సినిమాల్లోకి వెళ్లింది. భూమి లేనివాళ్లు నాట్లకి, కోతలకి తిరిగారు. కొందరు ఓడెక్కి రంగూన్ వెళ్లి అక్కడ కూలి చేశారు. పెట్టుబడి, కూలీ... రెండూ ఒకే కాలువ నీళ్లలో పెరిగాయన్నమాట.

ఇప్పుడు మన సంగతి. డెలివరీ చేసే తమ్ముడి బైక్ తనదే, ఆర్డర్ మాత్రం యాప్ చేతిలో ఉంది. ఫ్రెషర్‌కి జాయినింగ్ బోనస్ ఇస్తారు, మధ్యలో మానేస్తే తిరిగి కట్టమంటారు. ఇది పాత బయానానే కదా!

అందుకే పనిముట్టు ఎవరిది అని అడిగితే సరిపోదు. నచ్చకపోతే ఇంకోచోటికి పోయే దారి ఉందా అని కూడా అడగాలి. ఈసారి బాండ్ మీద సంతకం పెట్టేముందు ఆ బందరు నేతగాణ్ణి ఒక్కసారి తలుచుకోండి.

మళ్లీ కలుద్దాం. ఉంటానండీ.