కరువు సీమకు పెట్టిన ఖర్చు: ఫలితమును కొలుచుట ఎట్లు?



ఈ ఉపన్యాసమును ఏర్పరచిన ధర్మనిధి పత్రములో ఉపన్యాసకునకు ఒకే నిబంధన విధింపబడి యున్నది: విషయమేదైనను అది రాయలసీమ ప్రజల జీవనముతో ముడిపడి యుండవలెను. సాహిత్యమును గురించియో, శాసనములను గురించియో వినగోరి వచ్చినవారికి నేను జమాఖర్చుల ప్రస్తావన తెచ్చుట రుచింపకపోవచ్చును. అయినను నూటయేబది సంవత్సరములుగా ప్రభుత్వములు కరువు పేరిట ద్రవ్యము వెచ్చించుచునే యున్న ఈ నేలమీద, ఆ ద్రవ్యము వలన ఎవరికేమి ఒరిగినదో తేల్చుటకు మనము ఏ కొలబద్దను వాడుచున్నామన్న ప్రశ్న, ఈ సీమవాసికి ఏ శాసన పరిశోధనకును తీసిపోనిదని నా నమ్మకము.

ఒక పాత కథతో మొదలుపెట్టుదును. 1873-74లో బీహారు ప్రాంతమున పంటలు పోయినప్పుడు, సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి బర్మా నుండి బియ్యము తెప్పించి, ఒళ్లు వంచగలవారికి పని కల్పించి, వంచలేనివారికి తిండి పెట్టి, జనక్షయమును దాదాపుగా నివారింపగలిగినాడు. ఆకలిచావులు అతిస్వల్పములు. అందుకు ఆయనకు దక్కినది ప్రశంస గాదు, దుబారా చేసినాడన్న నింద. ఇంతగా జనము చావనప్పుడు ఇంత ధనమేల వెచ్చింపవలసి వచ్చినదని ఆంగ్ల పత్రికలు నిలదీసినవి. మూడేండ్లు తిరుగకముందే దక్షిణాదిని ధాత కరువు విరుచుకొని పడినది. భారత ప్రభుత్వ ప్రతినిధిగా 1877 జనవరిలో మద్రాసు రాజధానికి పంపబడిన టెంపుల్, వెనుకటి నిందను మనసులో పెట్టుకొనియే కాబోలు, పొదుపునకు కంకణము కట్టుకొని వచ్చినాడు. కరువు పనులలో మన్ను మోయు మనిషికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిమీద నామమాత్రపు డబ్బు చాలునని తీర్మానించినాడు. మద్రాసు పారిశుద్ధ్య కమీషనరు డాక్టరు కార్నిష్, ఆ కూలితో మనిషి పని చేయుట మాట అటుంచి ప్రాణముతో నిలుచుటయే కష్టమని వాదించినాడు. ఆయన చూపినది ఖజానా లెక్క గాదు, కూలీల శరీరస్థితి, శిబిరములలోని మరణముల పట్టిక. కొన్ని మాసములకే ఆ కూలిరేటును సడలింపక తప్పలేదు. అప్పటికి ఎందరో పోయినారు.

ఈ వృత్తాంతములో టెంపుల్ క్రౌర్యమును గాని, కార్నిష్ దయను గాని ఎత్తిచూపుట నా ఉద్దేశము కాదు. ఒకే అధికారి, ఒకే తరహా కష్టము. మొదటిసారి పని నెరవేరినది గనుకనే అది దుబారాగా కనబడినది, రెండవసారి ఖర్చు తగ్గినది గనుక అది దక్షతగా లెక్కకెక్కినది. వెచ్చించిన రూపాయి బొక్కసపు పుస్తకములో కనబడును. తప్పిపోయిన చావు ఏ పుస్తకములోను కనబడదు. కరువు నేలలలో ప్రభుత్వ వ్యయమును కొలుచుటలోని చిక్కు యావత్తును ఇందులోనే యున్నది.

కర్నూలు–కడప కాలువ చరిత్ర దీనికి మరియొక ముఖము. ప్రభుత్వము నూటికి ఐదు వంతున వడ్డీకి పూచీపడగా, ఒక ఆంగ్ల కంపెనీ 1860 దశకములో ఈ కాలువను త్రవ్వించినది. నల్లరేగడి రైతు మంచివాన కురిసిన యేట నీటితీరువ కట్టి కాలువ నీరు తీసికొనుటకు ఇచ్చగింపలేదు. వాన మొగము చాటేసిన యేట మాత్రము పరుగున వచ్చినాడు. రాబడి నానాటికి తీసికట్టై కంపెనీ చేతులెత్తివేయగా 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చినది. వడ్డీ లెక్కనుబట్టి చూచిన ఇది నష్టపు బేరము, గోదావరి ఆనకట్ట లాభపు బేరము. అయితే మంచియేట అక్కరలేక, చెడ్డయేట ప్రాణాధారమైన కాలువను ఏటేటి సగటు రాబడితో తూచుట న్యాయమా? 1901-03 నాటి నీటిపారుదల కమీషను ఈ ప్రశ్నను తప్పించుకొనక, రాబడినిచ్చు నిర్మాణములు వేరు, కరువును అడ్డుకొను నిర్మాణములు వేరనియు, రెండవ తరగతి వానికి మిగిలిపోయిన కరువు సహాయపు ఖర్చును కూడ ఫలముగా లెక్కింపవలెననియు చెప్పినది. పరాయి పాలకుల నివేదికయే కావచ్చును. ఆ ఒక్క మాటకు దానికి నమస్కరింపవచ్చును.

స్వాతంత్ర్యానంతరము వచ్చిన పథకములను ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టను. 1973-74లో కరువు పీడిత ప్రాంతముల కార్యక్రమము మొదలైనది. ఏటికి సగటున అయిదువందల యేబది మిల్లీమీటర్ల వానతో, వేరుశనగ తప్ప వేరొక గతి లేక బ్రతుకుచున్న అనంతపురము అందులో చేరకపోయిన ఆశ్చర్యపడవలసి యుండెడిది. ఆ కాలపు ప్రగతి నివేదికలను తిరుగవేసినవారికి రెండు గడులు సుపరిచితములు: ఒకటి భౌతిక లక్ష్యము, రెండవది ఆర్థిక లక్ష్యము. ఇన్ని చెక్ డ్యాములు కట్టవలెను, ఇన్ని కట్టితిమి. ఇంత ఖర్చు పెట్టవలెను, ఇంత పెట్టితిమి. మార్చి నెలాఖరుకు రెండు గడులలోను నూటికి నూరు నిండెనా, వినియోగ ధ్రువపత్రము వ్రాసి పంపిన పని ముగిసినట్లే. ఆ చెక్ డ్యాము వెనుక నీరు నిలిచినదా, నిలిచిన నీరు ఎవరి బావిలోనికి ఊరినదన్న ప్రశ్నకు మూడవ గడి లేదు. శంకుస్థాపన నాటి రాతిపలక మీద మంత్రివర్యుల పేరు, లక్షల అంకె చెక్కింతుము. పదియవ యేట ఆ కట్టడము స్థితి యేమో చెప్పు పలకను ఎవ్వరును ఎక్కడను పాతించిన దాఖలా నేను చూడలేదు.

మన తెలుగువాడైన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1994లో ఈ కార్యక్రమములను పరిశీలించి, పనులు చెల్లాచెదురై, శాఖల నడుమ పొందిక కొరవడి, నిధులు పలుచబడి, ప్రజలకు పాలు లేక ఫలితము అంతంతమాత్రమైనదని మొగమాటము లేక చెప్పినది. ఇంచుమించు అయిదువందల హెక్టార్ల పరీవాహకమును ఒక యూనిటుగా తీసికొని, ఊరివారి సంఘమునకే పని అప్పగింపవలెనన్న పద్ధతి ఆ సిఫారసుల నుండి పుట్టి 1995 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చినది. మనము వాటర్‌షెడ్ అని పిలుచునది అదియే.

ఇచ్చట కొలతలోని ఒక మాయను విప్పి చెప్పవలసి యున్నది. పథకము మొదలైన యేడు గట్టి కరువు, అది ముగిసిన యేడు సమృద్ధిగా వాన అనుకొందము. బావులలో నీరు పెరుగును, దిగుబడి పెరుగును, వలస తగ్గును. నివేదిక వ్రాయువాడు ఆ మూడింటిని పథకము ఖాతాలో జమకట్టును. వానదేవుని చేతిపని కలెక్టరు ఖాతాకు ఎక్కినదన్న మాట. అది తిరుగబడి, పథకాంతమున కరువు వచ్చినచో ఎంత మంచి పనియైనను వ్యర్థముగా తోచును. కావున "మునుపు ఎంత, ఇప్పుడెంత" అను ప్రశ్న చాలదు. పథకము లేని పొరుగు గ్రామము, అదే వాన తడిసి అదే ఎండ కాచిన గ్రామము, అదే కాలములో ఎట్లున్నదో చూడనిదే ఏ మాటయు నమ్మదగినది కాదు. మరియొక చిక్కు: కందకములు త్రవ్వి, ఊటకుంటలు కట్టి నేలలోనికి దింపిన నీటిని చూచి, స్తోమత గల రైతులు మరి నాలుగు బోర్లు వేసిన, అయిదేండ్లకు నీటిమట్టము మొదటికంటె క్రిందికి దిగవచ్చును. పథకము నెగ్గినదందుమా, ఓడినదందుమా? నీరు ఊరుట వేరు, ఊరినది చిన్నరైతుకు దక్కుట వేరు; రెండింటిని ఒకే అంకెలో కలిపినవాడు రెండింటిని తెలిసికొనలేడు.

ఈ చీకటిలో ఒక దీపమును చూచినాను. 2000 దశకములో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశము, మహబూబ్‌నగరు, నల్లగొండ అను ఏడు జిల్లాలలో రైతులే భూగర్భజలమును కొలుచుకొను కార్యక్రమము నడచినది. ఊరిలోని వర్షమాపకము చూచి వాన ఎంత పడినదో వ్రాయువాడు రైతు; టేపు బావిలోనికి జారవిడిచి నీరెంత లోతున నున్నదో చూచువాడు రైతు, లేదా రైతుయొక్క ఇల్లాలు. ఆ అంకెలు కచేరీకి పోక ఊరి గోడమీదికెక్కినవి. రబీకి ముందు అందరు గుమిగూడి, ఇంత నీరున్నది, వరి వేసిన ఇంత తాగును, ఆరుతడి పైరులైన ఇంత చాలునని లెక్క కట్టుకొనెడివారు. ఏ పైరు వేయవలెనన్నది ఎవరి ఇష్టము వారిదే. ఆజ్ఞ లేదు, జరిమానా లేదు. ఐనను పలు చోట్ల నీరు తోడుట తగ్గినది. కొలతను పైవారికి సమర్పించు కప్పముగా గాక, కొలుచుకొన్నవాని చేతిలో పనిముట్టుగా మార్చిన యీ ప్రయత్నమునకు రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయము.

ఇక ఉపాధి హామీని గురించి. 2006 ఫిబ్రవరి 2న ఈ అనంతపురము జిల్లాలోనే, నార్పల మండలములోని బండ్లపల్లెలో, నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ దానిని ఆరంభించినారు. గ్రామీణ కుటుంబమునకు ఏటికి నూరు దినముల పని హక్కుగా దక్కినది. మన పల్లెలలో మాత్రము అది నేటికిని "కరువు పని"యే. ఆ పని జరుగు చోటికి పోయి చూడుడు. సేద్యపు కుంట త్రవ్వునప్పుడు గుంత నడుమ ఒక మట్టిదిమ్మను త్రవ్వక విడుతురు. ఎంత లోతు త్రవ్విరో చెప్పు సాక్షి అదొక్కటే. టెక్నికల్ అసిస్టెంటు వచ్చి టేపు పెట్టి, ఎం-బుక్కులో, అనగా కొలతల పుస్తకములో, వ్రాసికొనిన పిదప దానిని కొట్టివేయుదురు. కొలతను బట్టియే కూలి. కూలివాని శ్రమను సెంటీమీటరు వంతున కొలుచుటకు మనకున్న శ్రద్ధలో పదియవ వంతైనను, ఆ కుంట వలన ఆ పొలమునకు తరువాతి యేట ఏమి దక్కినదో కొలుచుటకు లేదు.

సామాజిక తనిఖీ మాత్రము మనవారు గర్వింపదగిన పని. ఉపాధి హామీ చట్టములోని పదునేడవ సెక్షను గ్రామసభ చేత తనిఖీ చేయింపవలెనని చెప్పగా, చాల రాష్ట్రములు దానిని కాగితముమీదనే విడిచినవి; ఆంధ్రప్రదేశము ఊరి యువకులకు తర్ఫీదునిచ్చి, మస్టరు అను హాజరుపట్టీ చేతికిచ్చి ఇంటింటికి పంపినది. "ఫలానా వారము నీవు ఆరు దినములు పనిచేసినట్లు ఇందులో నున్నదమ్మా, నిజమేనా?" అని అడిగిన, "ఆ వారమంతా నేను బెంగళూరులో నుంటినే నాయనా" అన్న జవాబు వచ్చెడిది. పిదప మండల కేంద్రములో బహిరంగ విచారణ. తినిన సొమ్మంతయు తిరిగి వసూలైనదని నేననను. డబ్బు చేరినదా లేదా అన్నది ఈ తనిఖీ తేల్చగలదు. చేరిన డబ్బు బ్రతుకును మార్చినదా అన్నది దాని పరిధిలోనిది కాదు.

ఆ రెండవ ప్రశ్నకు జవాబు అనుకొనని దిక్కు నుండి వచ్చినది. కూలి డబ్బును వ్రేలిముద్రల స్మార్టు కార్డు ద్వారా ఊరిలోనే చెల్లించు పద్ధతిని ప్రవేశపెట్టునప్పుడు, 2010-12 నడుమ, ఉమ్మడి రాష్ట్రములోని అనంతపురము మొదలుగాగల ఎనిమిది జిల్లాలలో, నూటయేబదికి పైబడిన మండలములలో ఏది ముందు, ఏది వెనుక అన్నదానిని పలుకుబడికి విడువక లాటరీ వేసి నిర్ణయించినారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అను ఆర్థికవేత్తలు ఆ రెండు రకముల మండలములను పోల్చి చూచినారు. ముందు కార్డులు వచ్చిన మండలములలో చెల్లింపు త్వరపడినది, కాజేయుట తగ్గినది. 2023లో వెలువడిన వారి తరువాతి పత్రము మరింత విశేషమైనది: లబ్ధి పొందిన కుటుంబముల ఆర్జన నూటికి 14 వంతులు పెరిగినది, ఆ పెరుగుదలలో నూటికి 86 వంతులు పథకపు కూలి కాదు, బయటి ఆర్జన. సకాలమున కూలి ముట్టజెప్పు పని వేరొకటి ఊరిలో నున్నదన్న ధైర్యముతో కూలివాడు ఆసామి ఎదుట కొంచెము నిటారుగా నిలిచినాడు. పొలములోని కూలి పెరిగినది. ఈ 86 వంతులు ఏ మస్టరులో నెక్కును? ఏ వినియోగ ధ్రువపత్రములో కనబడును? పథకపు గడుల లోపలనే ఫలితము వెదకినవారు ఏడింట ఆరు పాళ్లు చూడకయే విడిచినారన్న మాట. ఆ లాటరీయే లేకున్న ఆ మార్పు దేనివలన కలిగినదో నేటికిని వాదించుకొనుచునే యుందుము.

ఇక జిల్లా సగటులు దాచు భేదముల విషయము రెండు మాటలలో ముగింతును. 2018లో కేంద్రము 112 వెనుకబడిన జిల్లాలను ఎంచి, 49 సూచికలతో ఎవరెంత ముందునకు వచ్చిరో కొలువసాగినది. ఉన్న స్థితిని గాక వచ్చిన మార్పును చూచుట మంచిదే. కాని అందులో చేరిన నాటి విశాఖపట్టణము జిల్లాలో ఉక్కు కర్మాగారమును, పాడేరు మన్యమును ఒకే సగటులో నుండినవి. 2022లో అల్లూరి సీతారామరాజు పేర మన్యము వేరు జిల్లా అగువరకు ఆ సగటు ఎవరి బ్రతుకును చెప్పినది? మన అనంతపురము ఆ జాబితాలోనే లేదు; వలస పోయినవాని తాళము వేసిన ఇంటిముందు నిలిచి, సర్వే చేయువాడు "ఇంట లేరు" అని వ్రాసి పక్కయింటికి పోవు పద్ధతి సాగినంతకాలము, ఉన్నను పెద్ద భేదముండెడిది కాదేమో. కరువు గట్టిగా తాకినవాడే లెక్కకు దొరకని లెక్క అది.

ఈ సభలో విశ్వవిద్యాలయపు ఆచార్యులున్నారు, పంచాయతీరాజ్ అధికారులున్నారు, విద్యార్థులున్నారు. మీకు నా విన్నపము ఇంతే. ఈ జిల్లాలో పని ముగిసిన ఏ వాటర్‌షెడ్ గ్రామమునైనను, దానితోబాటు పథకము సోకని పొరుగు గ్రామము నొకదానిని ఎన్నుకొనుడు. అవే ఇండ్లకు అయిదేండ్ల కొకసారి పొండు. తాళము వేసిన ఇంటివాడు ఎక్కడికి పోయినాడో కనుగొని అతనిని కూడ అడుగుడు. వచ్చిన అంకెలను, అవి ప్రభుత్వమునకు అనుకూలమైనను కాకున్నను, తెలుగులో అచ్చువేయించి, మొదట ఆ రెండు ఊళ్ల గ్రామసభలలో చదువుడు. ఇందుకు ఢిల్లీ అనుమతి అక్కరలేదు. ఈ వేసవి సెలవులలోనే మొదలుపెట్టవచ్చును.