దెబ్బ మానినా మానని తలనొప్పి

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. షుగరు గురించి, బి.పి. గురించి మీరు ప్రతి ఏడూ వింటూనే ఉన్నారు. అంచేత ఈసారి కంటికి కనపడని ఒక బాధను గురించి మనవి చేస్తాను. అది తలకు దెబ్బ తగిలిన తర్వాత నెలల తరబడి వదలని తలనొప్పి.

2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయనీ, 1,68,491 మంది మరణించారనీ కేంద్ర ప్రభుత్వ లెక్క. చనిపోయినవారి సంఖ్య పేపర్లో పడుతుంది. బతికి బయటపడి, కుట్లు మానిపోయి, తలనొప్పితో మిగిలిపోయినవారి సంఖ్య ఎక్కడా పడదు. మన జమాత్‌లో మెకానిక్కులున్నారు, వెల్డర్లున్నారు, ఆటో నడిపేవారున్నారు, సెంట్రింగ్ పనికి ఎక్కేవారున్నారు. మోటారు సైకిలు మీంచి పడటం, మెట్ల మీంచి జారటం, ఇనపముక్క తలకు తగలటం మనకు కొత్త సంగతులు కావు.

ఒక కుర్రవాడున్నాడనుకుందాం. బండి మీంచి పడ్డాడు. ఆస్పత్రిలో స్కానింగు తీసి, "ఏమీ లేదు, ఇంటికి పొమ్మ"న్నారు. నెల గడిచింది, మూడు నెలలు గడిచాయి. పొద్దున లేస్తే నొప్పి, ఎండలోకి పోతే నొప్పి, పక్కింట్లో మిక్సీ మోగితే నొప్పి. పనికి రెండు రోజులు పోతే మూడు రోజులు పడుకుంటాడు. ఇంట్లోవాళ్లు మొదట జాలిపడతారు, తర్వాత విసుక్కుంటారు. చివరికి "స్కానింగులో ఏమీ లేదన్నారు గదా, ఇదంతా పని ఎగ్గొట్టే నాటకం" అంటారు. అదే ఇంటి కోడలికి వస్తే "గాలి సోకింది" అని తాయెత్తుల కోసం తిప్పుతారు. నొప్పి కంటే ఆ మాటలే మనిషిని ఎక్కువ కుంగదీస్తాయి.

స్కానింగు అబద్ధం చెప్పదు. కాని దానికి తెలిసినంతే అది చెబుతుంది. ఎముక విరిగిందా, లోపల రక్తం కారిందా అన్నది సి.టి. స్కాను చూపిస్తుంది. నరాలు మామూలు కంటే ఎక్కువ చురుగ్గా స్పందిస్తున్నాయన్న సంగతి అందులో కనపడదు. దెబ్బ తగిలిన వారం లోపల మొదలై మూడు నెలలు దాటినా పోని తలనొప్పికి అంతర్జాతీయ వైద్య వర్గీకరణలో ప్రత్యేకమైన పేరే ఉంది. అంటే అది నాటకం కాదు, జబ్బు.

మరి దెబ్బ మానింతర్వాత కూడా నొప్పి ఎందుకుంటుంది? 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతం చెప్పారు. నొప్పి కబురు నేరుగా మెదడుకు పోదనీ, దారిలో ఒక గేటులాంటిది ఉందనీ, పైనుంచి మెదడు పంపే ఆజ్ఞలను బట్టి ఆ గేటు తెరుచుకోవటం, మూసుకోవటం జరుగుతుందనీ దాని సారాంశం. తర్వాత వివరాలు చాలా మారాయి గాని అసలు సంగతి నిలిచింది. భయం, నిద్రలేమి, దిగులు, కోపం నొప్పిని పెంచుతాయి. ధైర్యం, విశ్రాంతి, పనిలో ధ్యాస దాన్ని తగ్గిస్తాయి. నొప్పి ఊహ అని దీని అర్థం కాదు. నొప్పి నిజమే, దాని జోరు మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది.

ఈ కొంతవరకును పట్టుకుని నడిచేదే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సి.బి.టి. ఆలోచనను, నడవడిని సరిదిద్దుకునే చికిత్స అని చెప్పుకోవచ్చు. 1960ల్లో అమెరికాలో ఆరన్ బెక్ అనే డాక్టరు మనోవ్యాకులతకు దీన్ని రూపొందించారు. ఆ మాటకొస్తే ఇది మనకు పరాయిది కాదు. తొమ్మిది, పది శతాబ్దాల నాటి అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు దేహానికి, మనసుకు కలిపి ఒక వైద్య గ్రంథం రాశారు. ఇంట్లో మందులు ముందుగా దాచుకున్నట్టే, ఒంట్లో బాగున్నప్పుడే మంచి ఆలోచనలను మనసులో దాచుకోవాలనీ, కష్టం వచ్చినప్పుడు అవి అక్కరకు వస్తాయనీ ఆయన బోధించారు.

ఈ చికిత్సలో ఏం చేస్తారు? ముందుగా ఒక డైరీ రాయిస్తారు. నొప్పి ఎప్పుడు వచ్చింది, ఎంత వచ్చింది, ముందు రాత్రి నిద్ర ఎంత, భోజనం వేళకు తిన్నారా, ఎన్ని మాత్రలు వేసుకున్నారు అన్నవి రోజూ రెండు వరుసలు రాస్తే చాలు. రంజాన్ మొదటి రోజుల్లో టీ ఒక్కసారిగా మానటం వల్ల వచ్చే నొప్పేదో, దెబ్బ తాలూకు నొప్పేదో డైరీ చూస్తే తెలుస్తుంది.

రెండోది ఒంటిని సడలించటం. ఒక్కొక్క కండరాన్ని బిగించి వదిలే పద్ధతిని ఎడ్మండ్ జాకబ్‌సన్ అనే వైద్యుడు దాదాపు వందేళ్ల కిందట ప్రచారంలోకి తెచ్చారు. మెడ, భుజాలు, దవడ బిగబట్టుకుని ఉండేవారికి ఇది బాగా పనికొస్తుంది.

మూడోది పనిని పంచుకోవటం. నొప్పి తగ్గిన రోజున నాలుగు రోజుల పని ఒక్కసారే చేసి, మర్నాడు మంచం పట్టటం చాలామందికి అలవాటు. అలా కాక అరగంట పని, పది నిమిషాల విశ్రాంతి చొప్పున మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. సజ్దాలో వంగితే తల పగిలిపోతోందని నమాజే మానేసినవారున్నారు. నిలబడలేనివారు కూర్చుని, అదీ చేతకానివారు సైగలతో చేసుకునే వెసులుబాటు మన షరియత్‌లో ఉంది గదా! వివరాలు మౌల్వీ సాబ్‌ను అడగండి. పూర్తిగా చేయాలి, లేదంటే పూర్తిగా మానాలి అనే పట్టుదలే ఈ జబ్బుకు పెద్ద శత్రువు.

నాలుగోది ఆలోచన. "నా మెదడు పాడైపోయింది, నేనిక దేనికీ పనికిరాను" అనే మాట రోజుకు వందసార్లు మనసులో తిరుగుతుంది. డైరీ ముందు పెట్టుకుని, "ఈ మాట ఎంత నిజం? పోయిన వారం మూడు రోజులు పనికి పోయాను గదా" అని తానే నిలదీసుకోవటం నేర్పుతారు.

ఐదోది మాత్రల లెక్క. మామూలు నొప్పి బిళ్లలు నెలకు 15 రోజులు, కొన్ని రకాల కలగలుపు మందులైతే 10 రోజులు, మూడు నెలలకు పైగా వాడితే ఆ మందులే తలనొప్పి తెప్పిస్తాయి. చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనుక్కుని మింగేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. వాటిని మానటం కూడా డాక్టరు సలహా మీదే జరగాలి.

దీనివల్ల ఫలితం ఎంత? ఉన్నదున్నట్టు చెబుతాను. అమెరికాలో యుద్ధం నుంచి తిరిగివచ్చిన 193 మంది మాజీ సైనికుల మీద జరిగిన పరీక్ష 2022లో అచ్చయింది. వాళ్లకు తల దెబ్బ తాలూకు నొప్పితో పాటు యుద్ధ భయం కూడా ఉంది. తలనొప్పి కోసం తయారుచేసిన 8 విడతల సి.బి.టి. తీసుకున్నవారికి, మామూలు వైద్యం పొందినవారి కంటే, నొప్పి వల్ల బతుకులో కలిగే ఆటంకం తగ్గింది. ఆ మేలు ఆరు నెలల తర్వాత కూడా నిలిచింది. అయితే డెన్మార్కులో 90 మందికి గుంపుగా చేసిన చికిత్స ఫలితం 2014లో వెలువడింది. అందులో తలనొప్పి తగ్గినట్టు తేలలేదు. కాబట్టి ఇది మంత్రం కాదు. నొప్పిని మాయం చేస్తానని ఎవరన్నా డబ్బు అడిగితే నమ్మకండి. నొప్పి ఉన్నా సంసారం, పని, చదువు నడుపుకునే శక్తి రావటమే ఇందులో ఆశించదగ్గది.

ఇక ఫోనులో, కంప్యూటరులో ఈ చికిత్స సంగతి. ఇది రెండు రకాలు. ఒకటి, వీడియోలో నిపుణుడితో ముఖాముఖి మాట్లాడటం. రెండు, వారానికొక పాఠం చదివి, అభ్యాసం చేసి పంపితే నిపుణుడు జవాబివ్వటం. స్వీడన్‌లో తరచూ తలనొప్పి వచ్చే 102 మంది మీద ఇంటర్నెట్ ద్వారా ఆరు వారాలు జరిపిన పరీక్ష 2000లోనే అచ్చయింది. పూర్తి చేసినవారికి నొప్పి తగ్గింది, కాని సగం మందికి పైగా మధ్యలోనే మానేశారు. ఒంటరిగా చేస్తే మనిషి జారిపోతాడు, పలకరించేవారు ఉంటే నిలబడతాడు.

మనవాళ్లకు దీనివల్ల సౌకర్యం చాలా ఉంది. బస్సు కుదుపుకే నొప్పి పెరిగేవాడు పట్నం దాకా పోనక్కర్లేదు. పరదా పాటించే సోదరి మహిళా నిపుణురాలితో ఇంట్లోంచే మాట్లాడవచ్చు. దినకూలి పోదు. ఇబ్బందులూ ఉన్నాయి. తల దెబ్బ తిన్నవారికి తెర వెలుతురే పడకపోవచ్చు. అలాంటప్పుడు వెలుతురు తగ్గించి, చూడటం మాని వినటం మేలు, ఇరవై నిమిషాలకోసారి ఆగటం మేలు. అంతకంటే పెద్ద ఇబ్బంది చోటు. రెండు గదుల ఇంట్లో ఏడుగురి మధ్య కూర్చుని, తన దిగులు ఎవరు చెప్పుకోగలరు?

ఒక హెచ్చరిక. నొప్పి రోజురోజుకూ ముదరటం, వాంతులు ఆగకపోవటం, మత్తుగా పడిపోవటం, మూర్ఛ, ఒక చెయ్యో కాలో బలం తగ్గటం, ముక్కులోంచో చెవిలోంచో నీరు కారటం కనిపిస్తే ఫోను చికిత్సలు పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ముసలివారికి చిన్న దెబ్బ తగిలినా కొన్ని వారాల తర్వాత లోపల రక్తం చేరవచ్చు. ఏ చికిత్సకైనా ముందు డాక్టరు చూడటం తప్పనిసరి. బతుకు మీద విరక్తి కలిగినవారికి ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ ఉంది. 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

"సబర్ చేయి బేటా" అని మన పెద్దలు అంటారు. మంచి మాటే. కాని సబర్ అంటే మూల కూర్చుని బాధపడటం కాదు. రోజూ రెండు వరుసల డైరీ రాయటం, అరగంట పనిని ముప్ఫై అయిదు నిమిషాలు చేయటం, అదీ సబరే. ఇంట్లోవాళ్ల సబర్ కూడా ఒకటుంది. అది "నీ మాట నమ్ముతున్నాను" అని చెప్పటం.

చివరగా కార్యవర్గానికి రెండు విన్నపాలు. మన ఆఫీసులో ఒక చిన్న గదికి తలుపు, గడియ, ఇంటర్నెట్ ఏర్పాటు చేసి, వారానికి రెండు పూటలు ఇలాంటివారి కోసం కేటాయించండి. అందులో ఒక పూట స్త్రీలకే ఉండాలి. ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు అన్నది బయటికి పొక్కకూడదు. రెండోది, మన యువకులు బండెక్కేటప్పుడు హెల్మెట్ పెట్టుకునేట్టు జుమా రోజున మస్జిదులో ఒక మాట చెప్పించండి. తగలని దెబ్బకు మందక్కర్లేదు.

అల్లాహ్ మన రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక, ఆమీన్. ఖుదా హాఫిజ్.