దేహబలమును కూర్చు గురువు

ఫుట్‌బాల్ ఆటలో గోలు కొట్టినవాని పేరు అందఱును ఎఱుగుదురు. ఆట ముగియు వేళను వాని కాలు తడబడకుండ సిద్ధము చేసిన గురువును ఎఱిగినవారు అరుదు. అమెరికా కళాశాలలలో ఈ దేహబల శిక్షణ యొక ప్రత్యేకవృత్తి. మనదేశమున చిరకాలము ఈ పని వ్యాయామోపాధ్యాయుని పాలబడినది. అట్టివారిలో అగ్రగణ్యులు హైదరాబాదు వాస్తవ్యులు సయ్యద్ అబ్దుల్ రహీముగారు.

1909లో జన్మించిన రహీముగారు మొదట బడిపంతులు. పిదప వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, విద్యార్థుల ఆటల బాధ్యతను వహించిరి. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1954 వఱకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలిచెను. వారి శిక్షణలో భారతజట్టు 1951, 1962 సంవత్సరముల ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు సాధించి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. జకార్తాలో 1962లో దక్షిణ కొరియాను 2-1 గోలులతో ఓడించునాటికే ఆయనను క్యాన్సరు వ్యాధి పీడించుచుండెను. మరుసటి యేడు జూన్ నెలలో దివంగతులైరి.

వారి పద్ధతి బోధకుని పద్ధతియే. కుడికాలు వాటమైనవాడు ఎడమకాలితోనే ఆడవలెనని నియమించి పోటీలు జరిపెడివారు. శిష్యునకు రాని విభక్తినే పలుమాఱు వల్లె వేయించు పంతులుగారికిని, ఆయనకును భేదమేమి? బలహీనమైన చోటును వెదకి దిద్దుటయే విద్య.

దేహబల శిక్షకుని నేర్పు బరువు లెత్తించుటలో మాత్రమే లేదు. శ్రమచే కండరము అలయును. ఆహారనిద్రలచే మునుపటికంటె బలపడును. కావున భారమును కొలదికొలదిగా పెంచవలెను. ఒకనికి తగిన భారము వేఱొకని మోకాలిని చెఱుపవచ్చును. మన వేసవియెండలో నీటికై ఎప్పుడు ఆపవలెనో తెలియవలెను. "ఇక చాలు" అనగలవాడే నిజమైన శిక్షకుడు.

నేడు హైటెక్ సిటీ చేరువనే గచ్చిబౌలి క్రీడాప్రాంగణ మున్నది. 2019లో దానిని నెలవుగా చేసికొనిన హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ విజేత యయ్యెను. 2025లో ఢిల్లీకి తరలిపోయెను. జట్టులు తరలవచ్చును, బడి తరలదు. ఆ చుట్టుపట్ల కార్యాలయములలో దినమెల్ల కూర్చుండి పనిచేయువారు నడివయసున ధనము వెచ్చించి వ్యాయామము నేర్చుకొనుచున్నారు. వారి బిడ్డల బడులలో కొన్నింట ఆటల గంటను గణితమునకు ధారవోయుచున్నారు. బాల్యమున ఉచితముగా లభింపవలసినదానిని పోగొట్టి, పిమ్మట కొనుట వివేకమా?

శ్రోతలారా! ఈ వృత్తిని కోరు యువకులకు పటియాలాలో 1961లో స్థాపింపబడిన జాతీయ క్రీడాసంస్థ వంటి శిక్షణాలయములు గలవు. కాని వారు చదివి వచ్చిన పిమ్మట, వారికి బడిలో ఒక మైదానము, దినమున కొక గంట, తక్కిన ఉపాధ్యాయులతో సమానమైన గౌరవము మనము చూపవలెను. రహీముగారు పుట్టిన నగరమున ఇది గొంతెమ్మ కోరిక కారాదు.