పరీక్ష వద్దన్న మోటారుసైకిళ్లవారు

మన యిండ్లలో రేడియో ఉన్నను లేకున్నను, మోటారుసైకిలో స్కూటరో ఈ రోజులలో తప్పక ఉండును. దాని బాగోగులు చూచువాడెవడు? 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత బండికి ఒకసారి రిజిస్ట్రేషను జరిగినచో అది 15 సంవత్సరములు చెల్లును. పొగ ధ్రువపత్రము మాట వేరు; బ్రేకు పట్టుచున్నదా, టైరు అరిగినదా అని ఆ నడుమ విచారించువాడు సందు చివరి మెకానిక్కే. అతడు గొంతుక్కూర్చుండి, గొలుసును వ్రేలితో ఒకమారు లాగి చూచి, "పండుగ దాక ఫరవాలేదండి" అనును. మనము నమ్మి ఇంటికి వత్తుము.

ఇట్టి నమ్మకము చాలదు, అధికారము పొందిన పరీక్షకుని ముద్ర పడవలెనని ఫ్రాన్సు దేశము శాసింపబూనగా, అచ్చటి మోటారుసైకిళ్లవారు వేలకొలదిగా వీథులకెక్కిరి. ఆ పోరాటమును గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

ఫ్రాన్సులో కార్లకు నిర్బంధ పరీక్ష 1992 నుండియు కలదు. కొత్త కారును నాలుగేండ్లకు మొదటిమారును, ఆపై రెండేండ్లకొకమారును పరీక్షాకేంద్రమునకు గొనిపోవలెను. రెండు చక్రముల బండ్ల జోలికి మాత్రము ఎవరును పోలేదు. 2014లో యూరోపియన్ యూనియన్ ఒక ఆదేశమును చేసినది: 125 సీసీలకు మించిన మోటారుసైకిళ్లకు సైతము 2022 జనవరి 1 నుండి పరీక్ష జరుగవలెను. అయితే అందొక కిటికీ తెరచియుంచిరి. రహదారి భద్రతకై ఫలవంతములగు ఇతరోపాయములను చేపట్టిన దేశము ఈ పరీక్షను మానుకొనవచ్చును. ఫిన్లండు, ఐర్లండు, నెదర్లండ్సు ఆ కిటికీగుండా వెలుపలికి వచ్చినవి. ఫ్రాన్సు కథ అంత సులభముగా సాగలేదు.

అచ్చట "కోపించిన మోటారుసైకిళ్లవారి ఫ్రెంచి సమాఖ్య" అను సంస్థ యొకటి కలదు. శ్రోతలు నవ్వుకొందురేమో గాని, ఆ పేరు ఎవరో వెక్కిరించి పెట్టినది కాదు, వారు తామై పెట్టుకొన్నది. మోటారుసైకిళ్లపై వేసిన పన్నునకు ఎదురుతిరిగి 1980లో అది పుట్టినది. మరుసటి సంవత్సరమే ఆ పన్ను తొలగిపోయినది. 1983లో తమ భీమా సంఘమును తామే నెలకొల్పుకొనిరి. కోపము పేరులో ఉన్నను, వారు చేసిన పనులన్నియు కోపపు పనులు కావు. పెద్ద పందెములు చూచి తిరిగివచ్చువారు నిద్రమత్తులో బండి నడుపకుండ, దారి ప్రక్కన విడిదులు వేసి కాఫీ యిచ్చి కూర్చుండబెట్టుదురు. మలుపులలో రహదారి అంచుల ఇనుప కంచెల క్రింద జారిపోయి చోదకుల కాలుసేతులు తెగుచుండగా, ఆ సందును మూయింపుడని ఏండ్ల తరబడి అధికారుల వెంటబడిరి. ఈ చోదకులలో ఒక ఆచారము కలదు. కారువాడు ప్రక్కకు తొలగి దారి యిచ్చినచో, హ్యాండిలు విడుచుటకు వీలుండదు గనుక, కుడికాలు చాచి కృతజ్ఞత తెలుపుదురు. మన వీథులలో కాలు చాపినచో ఏమి జరుగునో చెప్పనక్కరలేదు.

పరీక్షను గూర్చి వారి వాదము ఇట్లుండెను. కారువాడు బ్రేకు సంగతి మరచినను నాలుగు చక్రములును, ఇనుప గోడలును అతనిని కాచును, మాకట్లు కాదు, మా ప్రాణము అరచేయి వెడల్పు రబ్బరుపై ఆధారపడియున్నది గనుక ఎవరును చెప్పకయే మేము బండిని చూచుకొందుము. దీనికి సాక్ష్యముగా ఒక పరిశోధనను చూపిరి. 1999, 2000 సంవత్సరములలో ఐదు ఐరోపా దేశములలో 921 ప్రమాదములను నిపుణులు క్షుణ్ణముగా శోధించిరి. బండిలోని లోపమే ముఖ్యకారణమైనవి నూటికి ఒకటి కూడ లేకపోయెను. సుమారు సగము ప్రమాదములలో తప్పు ఎదుటి వాహనము నడుపువానిది. పెక్కుమారులు అతడు మోటారుసైకిలును చూడనే లేదు. ఈ పరిశోధనకు పూనుకొన్నది మోటారుసైకిళ్ల తయారీదారుల సంఘమని మరువరాదు. అయినను లెక్క లెక్కయే. అరువదియో డెబ్బదియో యూరోలు పుచ్చుకొని కాగితము చేతికిచ్చువారికి తప్ప ఈ పరీక్షవలన లాభమెవరికని సమాఖ్యవారు అడిగిరి.

ఎదుటి పక్షమువారికిని ఒక లెక్క కలదు. ఫ్రాన్సు రహదారులపై తిరుగు బండ్ల రాకపోకలలో మోటారు ద్విచక్రముల పాలు నూటికి రెండునకు మించదు. రహదారి మరణములలో వాటిపై పోవువారి పాలు ఐదవ వంతునకు హెచ్చు. చచ్చువారు ఇందరుండగా చేతులు ముడుచుకొని కూర్చుండుట యెట్లు అని వారి ప్రశ్న.

ఎదుటి పక్షము అనగా ప్రభుత్వమని శ్రోతలు తలపవచ్చును. ఈ కథలోని చిత్రమంతయు ఇచ్చటనే ఉన్నది. ఎదుట నిలిచినవారును సామాన్య పౌరులే. స్కూటర్లతో విసిగితిమను అర్థము వచ్చు పేరుగల సంఘమొకటి, ఊపిరి పీల్చుకొనుము అను పేరుగల సంఘము మరియొకటి. వారి ఫిర్యాదు బ్రేకులను గూర్చి కాదు, పొగను గూర్చి, అంతకన్న ముఖ్యముగా చప్పుడును గూర్చి. సైలెన్సరు మార్చిన బండి యొకటి నడిరేయి వీథివెంట పోయినచో, కిటికీలు మూసికొన్న పసిబిడ్డ తల్లికి తెలియును అది ఎంతమందిని లేపునో. వీరు ఊరేగింపులు చేయలేదు. పరిపాలనా విషయములలో అత్యున్నత న్యాయస్థానమగు కౌన్సెయ్ దేతాకు పోయిరి.

న్యాయస్థానము 2021 జూలైలో పరీక్షను అమలు జరుపుమని ప్రభుత్వమును ఆజ్ఞాపించినది. ఆగస్టు 11న ఉత్తర్వు ప్రకటితమయ్యెను. మరునాడే, అధ్యక్షుడు మక్రాన్ కోరికపై, అది నిలిచిపోయెను! అధ్యక్షపదవికి ఎన్నికలు అప్పటికి ఎనిమిది నెలల దూరమున ఉండెను. 2022 జూలైలో ప్రభుత్వము ఉత్తర్వును పూర్తిగా రద్దుచేయగా, మోటారుసైకిళ్లవారు గెలిచితిమనుకొనిరి. అక్టోబరు 31న న్యాయస్థానము ఆ రద్దునే కొట్టివేసినది. ప్రజాభిప్రాయమును సేకరింపక రద్దుచేయుట ఒక దోషము. పరీక్షకు బదులుగా చూపిన ఉపాయములు చాలకపోవుట రెండవ దోషము. తుదకు 2023 అక్టోబరులో కొత్త ఉత్తర్వు వెలువడి, 2024 ఏప్రిలు 15 నుండి పరీక్షలు మొదలయ్యెను. చిన్న మోపెడ్లు సైతము తప్పించుకొనలేదు. ఆ ముందటి శని ఆదివారములందు దేశమంతట ఊరేగింపులు సాగినవి. పరీక్షను బహిష్కరింపుడని సమాఖ్య పిలుపునిచ్చినది.

ఉభయుల వాదములును చదివిన పిమ్మట మాకు తోచినది చెప్పుదుము. ప్రమాదముల విషయమున మోటారుసైకిళ్లవారి లెక్క ఎదుటివారి లెక్కకన్న గట్టిది. ఎందరు చచ్చుచున్నారో చెప్పినంతమాత్రమున, చెడిన బండివలన చచ్చుచున్నారని తేలదు. గుంతలు పూడ్చుట, కారు నడుపువారికి అద్దములో చూచుట నేర్పుట ఎక్కువ ప్రాణములు కాపాడునను వారి మాటలో పస ఉన్నది. కాని చప్పుడు విషయమున వారియొద్ద సమాధానము లేకపోయెను. మా బండి, మా ప్రాణము అను వాదము రోడ్డుమీద చెల్లును గాని, మూడవ అంతస్తులోని పడకగదిలో చెల్లదు. చప్పుడు పరీక్ష మాత్రము మేమొప్పుకొందుమని ముందుగానే వారు అనియుండినచో, ఎదుటి సంఘములవారు కోర్టు మెట్లు ఎక్కియుండెడివారా అని మాకు సందేహము.

ఆ పరీక్షయైనను చప్పుడును ఎంతవరకు ఆపునో చూడవలెను. మూడేండ్లకొకమారు జరుగు పరీక్షకు కంపెనీవారి సైలెన్సరు బిగించుకొని పోయి, సాయంకాలము దానిని ఊడదీసి అటక ఎక్కించుట ఏమంత కష్టము? అట్టి బండిని పట్టుకొనుటకు నడిరేయి వీథిలో నిలిచిన పోలీసువాడే దిక్కు.

ఇక 2025 ఏప్రిలులో బ్రస్సెల్సునందలి యూరోపియన్ కమిషను, 2014 ఆదేశములో తెరచియుంచిన ఆ కిటికీని మూసివేయవలెనని ప్రతిపాదించినది. అది నెగ్గినచో ఇతరోపాయములను చూపి తప్పించుకొనిన ఫిన్లండు, ఐర్లండు, నెదర్లండ్సు దేశములలోని పెద్ద మోటారుసైకిళ్లవారును పరీక్షాకేంద్రము వాకిట వరుసలో నిలువవలసివచ్చును.