బాలల సృజనశక్తి – బడి బాధ్యత
(అధ్యక్షోపన్యాసము)



 ఈ సభ జరుగుచున్న దర్శి పట్టణమునకు తూర్పుననున్న అద్దంకిలో క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనమున తెలుగు తరువోజ పద్యము శిలాక్షరమై నిలిచినది. ఆ అద్దంకిని ఏలిన ప్రోలయ వేమారెడ్డికే ఎఱ్ఱాప్రగడ తన హరివంశమును అంకితమొసగెను. ఇట్టి సీమలో పూర్వవైభవమును కీర్తించుట సులభము. ఆ పరంపరకు వారసులు కావలసిన బాలబాలికలు నేడు మన బడులలో స్వయముగా ఏమి ఊహించుచున్నారో, ఏమి నిర్మించుచున్నారో విచారించుట కష్టము. నేడు నేను ఆ కష్టమైన పనికే పూనుకొనుచున్నాను.

మనకు ఉత్తరముననున్న వినుకొండలో 1895వ సంవత్సరమున గుఱ్ఱం జాషువ జన్మించెను. బాల్యమున ఆయన బొమ్మలు గీయుచు, పాటలు పాడుచు పెరిగెను; కులము పేరిట కలిగిన అవమానములు ఆ లేతవయస్సుననే ఆయన మనస్సును గాయపఱచినవి. అట్టి వానికి జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు మేఘసందేశ రఘువంశాది కావ్యములను బోధించిరి. మేఘుని దూతగా పంపిన కావ్యమును అట్లు చదువుకొన్న శిష్యుడు, 1941లో వెలువడిన తన గబ్బిలమున, కోవెలలోనికి అడుగిడ నోచుకోని మనుజుని మొఱను శివునికి విన్నవింపుమని గబ్బిలమును దూతగా పంపెను. ప్రాచీన కావ్యము నేర్పిన మార్గమును, తాననుభవించిన వేదనయు ఏకమైనప్పుడు మునుపెన్నడును లేని కావ్యము పుట్టినది. సృజన యనగా శూన్యమునుండి ఊడిపడునది కాదనియు, నేర్చినదానికి తన బ్రతుకు తోడైనప్పుడే అది జనించుననియు ఇంతకంటె స్పష్టముగా చెప్పగల నిదర్శనమును నేనెఱుగను.

ఇక ఒంగోలు సంగతి. పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పోషించిన తల్లికి కుమారుడై, అల్లరికిని నాటకాలకును పేరుపడిన టంగుటూరి ప్రకాశమును, ఉపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు త్రోసిపుచ్చలేదు. ఆ బాలుని నాటకాభిరుచిని దుర్గుణముగా నెంచక, తామును నాటకప్రియులగుటచే దానిని ప్రోత్సహించి, చదువునకు సాయపడి, రాజమహేంద్రవరమునకు తమ వెంట తోడ్కొనిపోయిరి. వేలాది జనుల యెదుట బెదరక నిలిచిన ఆ మహానాయకుని ధైర్యమునకు రంగస్థలమున పొందిన అభ్యాసము కొంతయైనను తోడ్పడలేదని ఎవరు చెప్పగలరు? సృజనశక్తి కవులకు మాత్రమే అవసరమను భ్రమను ఈ ఉదంతము తొలగించుచున్నది.

బందరు హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తెలుగు పండితులుగా నుండిరి. వారి శిష్యులలో నొకరైన విశ్వనాథ సత్యనారాయణగారే తరువాత రామాయణ కల్పవృక్షమునకు 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమందిరి. చెళ్లపిళ్లవారు అవధానియగుట ఇచట గమనింపదగినది. అవధానమున సమస్యాపూరణమును, దత్తపదియు కలవు: అసంబద్ధముగా తోచు పాదమునొకదానిని ఇచ్చి మిగిలిన పాదములతో దానికి అర్థము కల్పింపుమనుటయు, నాలుగు విడిమాటలను చేతికిచ్చి వానినన్నిటిని ఒక పద్యమున పొదుగుమనుటయు మన పెద్దలు కనిపెట్టిన సృజనాభ్యాసములు కావా? నియమమును ఉంచియే స్వేచ్ఛను ఇచ్చుట వీని మర్మము. ఛందస్సు రాని పిల్లలకైనను నాలుగు మాటలిచ్చి ఒక చిన్నకథ అల్లుమనవచ్చును.

నేర్చినదే సృజనకు మూలము కావున కంఠస్థము చేయుటయే దోషమని నేననను. నోటికి వచ్చిన పద్యము జీవితాంతము తోడుండి, వలసినప్పుడు మాటనిచ్చును. గైడులోని జవాబును అక్షరము తప్పక అప్పగించి, పరీక్ష ముగిసిన మఱునాడే మఱచిపోవుట మాత్రము బుద్ధిని బీడు చేయును. 2005 నాటి జాతీయ విద్యాప్రణాళికా చట్రము చదువును బడి వెలుపలి జీవితముతో ముడివేయుమనియు, బట్టీపద్ధతినుండి తప్పింపుమనియు ఉద్బోధించినది. ఆ ఉద్దేశముతో వచ్చిన ప్రాజెక్టు పనులు మాత్రము పెక్కుచోట్ల అంగడిలో కొన్న బొమ్మలను అంటించుటతోను, తోటివాని పుస్తకమును చూచి వ్రాయుటతోను ముగియుచున్నవి. ఇది పిల్లల దోషము కాదు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలనే మనము అడుగుచున్నాము.

జవాబు మనకును తెలియని ప్రశ్నలు ఈ నేలమీద ఎన్ని లేవు! ఈ ప్రాంతపు భూగర్భజలములలో ఫ్లోరైడు మెండు. ఏ బావినీరు త్రాగవచ్చును, ఏది కూడదు, తాతల కాలమున ఏ చెఱువునీరు వాడిరి అని పిల్లలే ఇల్లిల్లు తిరిగి విచారించి ఊరి పటము గీసినచో, అది రసాయనశాస్త్రమును, చరిత్రయు, చిత్రకళయు నగును. మిరపకోతల కాలమున తల్లిదండ్రులతో వలసపోయి, నెలల తరబడి బడికి దూరమై తిరిగివచ్చిన బాలిక హాజరుపట్టీలో దోషిగా కనబడును. ఆమె చూచిన ఊళ్లను, విన్న పాటలను, కల్లములో ఘాటుకు మండిన కన్నులను ఆమెచేతనే వ్రాయించినచో తరగతియంతయు ఆమెకు శిష్యకోటి యగును. కోసిన కాయను ఎండబెట్టుటలోని కష్టమును తగ్గింపదలచి ఒక బాలుడు పనిముట్టు నూహించినచో, బాలల నూతనాలోచనలను ప్రోత్సహించు ఇన్‌స్పైర్ మానక్ పథకమున ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు లభించును. ఆ ఆలోచనను నవ్వక విని, దరఖాస్తు పంపు ఉపాధ్యాయుడు మొదట ఉండవలయును.

జాషువకు హనుమచ్ఛాస్త్రిగారును, ప్రకాశమునకు నాయుడుగారును దొరకుట అదృష్టము. అట్టివారు దొరకక అణగిపోయిన బాలబాలికల పేర్లు మనకు తెలియవు. తెలియకపోవుటయే మనకు కలిగిన నష్టము. కొందఱికి దైవవశమున లభించినదానిని ప్రతి శిశువునకును నియతముగా లభింపజేయుటకే పాఠశాల యున్నది.

అందులకు నేను మూడు పనులను ప్రతిపాదించుచున్నాను. వారమునకొక్క పీరియడును, మార్కులతో నిమిత్తము లేక, పిల్లల స్వంత రచనకును, చిత్రమునకును, నిర్మాణమునకును విడిచిపెట్టవలెను. అందు ఉపాధ్యాయుడు మొదట భావమును మెచ్చి, తరువాతనే అక్షరదోషమును దిద్దవలెను. రెండును చేయవలెను, క్రమము మాత్రము తప్పరాదు. ప్రతి పాఠశాలయు పిల్లలే సంపాదకులుగా ఒక లిఖితపత్రికను నడపవలెను. దానికి కావలసినది కాగితమును, ఓపికయు మాత్రమే. ఇక ఇట్టి సాహిత్యసభలలో ఒక పూటను బాలబాలికలకే కేటాయించి, వారు చదువుచుండగా మనము శ్రోతలమై కూర్చుండవలెను. ఈ మూడవదానిని ఈ సభయే తీర్మానముగా ఆమోదించి, వచ్చు సమావేశమునుండియే ఆచరణలో పెట్టవలసినదిగా ప్రార్థించుచున్నాను.