కప్పు విప్పైనా బడికి చేర్చాలి

(సాదలిలో తల్లిదండ్రులు, యౌవనస్థులు కలిసిన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పొలం పని, పురుగుల పని పక్కన పెట్టి వచ్చి కూర్చున్నారు. అందుకే సూటిగా విషయానికి వస్తాను.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాతంతో ఉన్న మనిషి సంగతి మీ అందరికీ తెలుసు. నలుగురు అతన్ని మోసుకొచ్చారు. ఇంటి నిండా జనం, వాకిట్లో కూడా చోటు లేదు. ఆ నలుగురు "రేపు వద్దాంలే" అని వెనక్కి తిరగలేదు. "నీకు నిజంగా ఆశ ఉంటే నువ్వే లేచి దూరిపో" అని రోగికి బోధ చెయ్యలేదు. ఇంటి పైకెక్కి, కప్పు విప్పి, పరుపుతో సహా కిందికి దించారు. ప్రభువు ఆ నలుగురి విశ్వాసాన్ని చూశాడని సువార్త చెబుతోంది.

బడికి రాని బిడ్డ గురించి మనం సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే. "వాడికి చదువు మీద ధ్యాస లేదా? వాళ్ల అమ్మానాన్నకు బుద్ధి లేదా?" ఆ నలుగురు అడిగిన ప్రశ్న వేరు. "దారి ఎక్కడ మూసుకుపోయింది?" ఈ ప్రశ్న అడిగినవాళ్లే లోకంలో ఎక్కడైనా పిల్లల్ని బడికి చేర్చగలిగారు. వాళ్ల పద్ధతులు మనకు వింతగా కనిపిస్తాయి. నిజానికి అందులో వింత ఏమీ లేదు. అడ్డు ఎక్కడుందో చూశారు, దాన్ని తీసేశారు.

మన సండే స్కూలునే తీసుకోండి. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి దాన్ని మొదలుపెట్టాడు. అక్కడి పేద పిల్లలు వారానికి ఆరు రోజులు గుండుసూదుల కార్ఖానాల్లోనూ ఇతర పనుల్లోనూ ఉండేవారు. ఖాళీ దొరికేది ఆదివారం ఒక్కటే. "మా బడి సోమవారం నుంచి, వస్తే రండి" అని ఆయన అనలేదు. ఆదివారమే బడి పెట్టాడు. అక్కడ అక్షరాలు నేర్పేవారు, బైబిలే వాచకం. అంటే సండే స్కూలు పుట్టిందే పని చేసే పిల్లల కోసం. ఈ సంగతి మనం మరిచిపోయాం.

మన తెలుగు నేల మీద కూడా ఇదే జరిగింది. ఊరి బడిలోకి మాల మాదిగ పిల్లల్ని రానివ్వని రోజుల్లో మిషన్ల వాళ్లు బడిని పల్లెలోకే తెచ్చారు. ఆదివారం ప్రార్థన జరిగిన పూరిపాకలోనే సోమవారం పలకలు కనిపించేవి. పగలు పశువులు కాసే పిల్లలకు రాత్రి బడులు నడిచాయి. ఇప్పుడు ఇక్కడ కూర్చున్న చాలా కుటుంబాల్లో తాతలకు సంతకం వచ్చిందంటే అలాంటి పాకల వల్లే.

ఆకలి అడ్డమైతే ఏం చేశారు? 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టడం మొదలుపెట్టింది. బిడ్డకు రోజుకు అణా మించకూడదని లెక్క. దాన్ని ముందుకు నడిపించిన కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి మన తెలుగువాడే, నేతపనివారి కులం నుంచి వచ్చినవాడు. "బడిలో తిండేమిటి, అది చదువుకునే చోటు కదా" అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన అన్నం పెట్టాల్సిందేనని ఆదేశించింది. కర్ణాటకలో అక్షర దాసోహ వచ్చింది, 2013 నుంచి పాలు కూడా ఇస్తున్నారు. కూలికి పోయే తల్లికి మధ్యాహ్నం ఒక పూట నిశ్చింత అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?

దూరం అడ్డమైతే? గౌరిబిదనూరు దగ్గర హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్య గారు హైస్కూలు చదువు కోసం 1935లో బెంగళూరుకు నడిచి వెళ్లారు. రెండు రోజుల నడక. పేదింటి కుర్రాడు తర్వాత బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యాడు. ఆయన హేతువాది, మన విశ్వాసం ఆయనది కాదు. అయినా ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది. ఆ నడక కథ చెప్పి "మీరూ అలా నడవండి" అని పిల్లలకు బోధ చెయ్యడం సులభం. ఆయన ఆ పని చెయ్యలేదు. నేషనల్ కాలేజీని గౌరిబిదనూరుకు, బాగేపల్లికి తీసుకొచ్చారు. తాను నడిచిన దూరం తర్వాతి పిల్లలు నడవకుండా చేశారు. నడిచి గెలిచిన ఒక్కడి కథ మనకు తెలుసు. నడవలేక ఇంట్లోనే ఆగిపోయినవాళ్లు ఎందరో, వాళ్ల కథ ఎవరు రాశారు?

బీహారులో 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరంలో ఉన్న ఊళ్లలో దాని ఫలితం ఎక్కువగా కనిపించిందని పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. కర్ణాటకలోనూ 2006-07 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. బంగ్లాదేశ్‌లో వరదలకు దారులు మునిగిపోతాయి. అక్కడ మొహమ్మద్ రెజ్వాన్ అనే ఆర్కిటెక్ట్ 2002లో పడవనే బడి చేశాడు. ఉదయం పడవ ఇంటి దగ్గరికే వచ్చి పిల్లల్ని ఎక్కించుకుంటుంది, ఒక ఒడ్డున ఆగి పాఠం చెబుతుంది, మళ్లీ ఇళ్ల దగ్గర దించుతుంది. నీళ్లు తగ్గేదాకా ఆగుదాం అనుకుంటే ఆ పిల్లలకు ఏటా నెలల కొద్దీ చదువు పోయేది.

పోయిన ఏళ్లే అడ్డమైతే? పన్నెండేళ్లు జీతగాడిగా ఉన్నవాణ్ణి తీసుకెళ్లి ఒకటో తరగతిలో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో మూడో రోజే పారిపోతాడు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు దీనికి దారి కనిపెట్టారు. పనిలోంచి వచ్చిన పిల్లలకు కొన్ని నెలలు శిబిరం పెట్టారు. అక్కడ ఆట, పాట, చదువు. వయసుకు తగ్గ తరగతి అందుకున్నాక మామూలు ప్రభుత్వ బడిలో చేర్చారు. వాళ్లు ఒక మాట గట్టిగా పట్టుకున్నారు: బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే. కూలికి పోయేవాడే కాదు, ఇంట్లో చంటిదాన్ని ఎత్తుకుని కూర్చున్న అక్క కూడా. పిల్లల్ని జీతానికి పెట్టుకున్న రైతులతో తగాదా పడకుండా కూర్చుని మాట్లాడారు. వాళ్లలో కొందరు తర్వాత ఆ పనికే అండగా నిలిచారు. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. కానీ ఇంటింటికీ తిరిగింది ఊరి యువకులే. చాలామంది వాళ్ల ఇళ్లలో మొదటి తరం చదువరులు. మీలాంటివాళ్లే.

ఇక మన దగ్గరికి వద్దాం. మన చుట్టూ మల్బరీ. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టు రాష్ట్రంలో పెద్దవాటిలో ఒకటి. పట్టు మనకు అన్నం పెడుతోంది, కాదనను. అదే పట్టు వెనక పిల్లల చేతులు కూడా ఉన్నాయి. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ మన దేశపు పట్టు పరిశ్రమలో వెట్టి చేసే పిల్లల మీద నివేదిక వెలువరించింది. కర్ణాటక రీలింగ్ యూనిట్ల సంగతి అందులో ఉంది. సలసల కాగే నీళ్లలో గూళ్ల పోగులు వెతికే చేతులు, తల్లిదండ్రులు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కదలలేని బాల్యం. ఇరవై ఏళ్లలో చాలా మారింది. ఇప్పుడు బడి రిజిస్టరులో పేరు లేని బిడ్డ అరుదు. అయితే పేరు రిజిస్టరులో ఉండి, బిడ్డ మల్బరీ తోటలో ఉంటే దాన్ని ఏమనాలి?

పురుగు పెంచేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నాలుగో జ్వరం దాటి పురుగు పెద్దదయ్యాక ఒక వారం దాని ఆకలికి అంతు ఉండదు. పంట మొత్తంలో తినే ఆకులో ఎక్కువ భాగం ఆ వారంలోనే తింటుంది. ఆకు కొయ్యాలి, మొయ్యాలి, వెయ్యాలి. తర్వాత చంద్రికల మీదికి ఎక్కించాలి. కూలీలు దొరకరు, దొరికినా ఇవ్వడానికి చేతిలో డబ్బుండదు. ఆ వారం ఇంట్లో పిల్లలు బడికి ఎగనామం పెడతారు. ఏడాదికి ఐదారు పంటలు తీస్తే ఎన్ని వారాలు పోయినట్టు? ఐదో తరగతి లెక్కల్లో వెనకబడతాడు, ఏడులో సిగ్గుపడతాడు, తొమ్మిదిలో మానేస్తాడు. "వాడికి చదువు అబ్బలేదు" అంటాం. చదువు అబ్బకపోవడం కాదది, ఐదారు వారాలు ఐదేళ్ల పాటు పోవడం.

రెండో అడ్డు భాష. ఇంట్లో తెలుగు, గుడిలో తెలుగు, బడిలో కన్నడం. ఆరేళ్ల బిడ్డకు టీచరమ్మ ఏం చెబుతోందో అర్థం కాక మౌనంగా కూర్చుంటే మొద్దు అని పేరు పెడతారు. ఆ బిడ్డ మొద్దు కాదు. రెండు భాషల మధ్య వంతెన లేకపోవడమే దోషం.

కాబట్టి నలుగురు పట్టుకుంటే లేచే పరుపు ఇది. నాలుగు పనులు చెబుతాను.

ఒకటి, సండే స్కూలు రిజిస్టరు. అందులో పేరు పక్కన రెండు గళ్లు గీయండి. ఏ బడి? పోయిన వారం ఎన్ని రోజులు వెళ్లాడు? కంఠత వాక్యం అడిగే ముందు ఇది అడగండి. తిట్టడానికి కాదు. మూడు రోజులు పోయిన బిడ్డ ఇంటికి ఆదివారం సాయంత్రమే ఒకరు వెళ్లాలి. ఏడాది పోయాక వెతికితే దొరకడు. మన సంఘం కాని ఇళ్ల పిల్లల్ని కూడా లెక్కలో వేసుకోండి.

రెండు, పెద్ద పురుగు వారం. ఎవరింట్లో పంట ఎప్పుడు పెద్దదవుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ తేదీలు ముందే రాసుకోండి. ఆ వారం ఆ ఇంటికి యౌవనస్థులు ఉదయం రెండు గంటలు ఆకు కోతకు వెళ్లండి. మీ పంటకు వాళ్లు వస్తారు. బదులు పని మన పెద్దలకు కొత్త కాదు. దాన్ని బిడ్డ బడి కోసం వాడడమే కొత్త. ఉపవాస ప్రార్థనకు రాత్రంతా మేల్కొనే మనకు రెండు గంటలు భారమా?

మూడు, సాయంత్రం కన్నడం. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకు రెండు భాషలూ వచ్చు. ఒకటో రెండో తరగతి పిల్లల్ని వారంలో మూడు సాయంత్రాలు కూర్చోబెట్టి, తెలుగులో కథ చెప్పి, అదే కథ కన్నడంలో చెప్పండి. తెలుగును తీసెయ్యమని కాదు, తెలుగు మీద నిలబడి కన్నడం అందుకోమని. ఇది ట్యూషన్ కాదు, ఫీజు లేదు.

నాలుగు, చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డకు టీసీ లేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో ప్రవేశం నిరాకరించకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అడ్వాన్సు తీరేదాకా పని చెయ్యాలి అనడం వెట్టి. 1976 చట్టంతో అలాంటి అప్పు రద్దయిపోయింది. ఎవరైనా బిడ్డ అలా చిక్కుకుంటే 1098కి ఫోన్ చెయ్యండి, తహసీల్దారు ఆఫీసుకు పెద్దలు కలిసి వెళ్లండి, ఒంటరిగా తల్లిని పంపకండి. స్కూలు ఎస్.డి.ఎం.సి.లో తల్లిదండ్రులకు చోటు ఉంది. ఆ కుర్చీల్లో కూర్చోండి. బాగేపల్లి వైపు 1970ల చివర మొదలైన కూలి సంఘం నేర్పిన పాఠం ఇదే. ఒక్క కూలి అడిగితే విదిలిస్తారు, ఊరంతా అడిగితే వింటారు.

చివరిగా తల్లిదండ్రులతో ఒక మాట. కొడుకును బడికి పంపి, కూతుర్ని పదో తరగతి తర్వాత పెళ్లి చూపులకు కూర్చోబెట్టే ఇల్లు విశ్వాసుల్లోనూ ఉంది. ఆ దారిని మూసింది ప్రభుత్వం కాదు, మనమే. పిల్లల్ని యేసు దగ్గరికి రానివ్వకుండా అడ్డగించినవాళ్లు ఎవరు? పరిసయ్యులు కాదు, శిష్యులు. వాళ్లకు పిల్లలంటే ద్వేషం లేదు, ఇంతకంటే ముఖ్యమైన పని ఉందనుకున్నారు. ఆయన వాళ్ల మీద కోపపడ్డాడు.

ఈ రాత్రి ఇళ్లకు వెళ్లే ముందు ఒక్క పని చెయ్యండి. మీ వీధిలో రేపు బడికి వెళ్లని బిడ్డ పేరు ఒకటి కాగితం మీద రాసి సండే స్కూలు టీచరుకు ఇవ్వండి. పక్కనే ఎందుకు వెళ్లడం లేదో రాయండి. ఆకలా, దూరమా, పురుగా, అప్పా, భాషా, సిగ్గా, పెళ్లా. కారణం తెలిస్తే కప్పు ఎక్కడ విప్పాలో తెలుస్తుంది. విప్పడానికి ఇక్కడ నలుగురి కంటే ఎక్కువమందే ఉన్నాం.