ఇసుకపెట్టెలో అబ్రాహాము ప్రయాణం

బైబిలు కథ పూర్తికాగానే మనం పిల్లల్ని అడిగేది ఒకటే: ఇందులో నీతి ఏమిటి? అమెరికాకు చెందిన జెరోమ్ బెర్రీమన్ ఆ ప్రశ్నను పక్కన పెట్టేశారు. ఆయన రూపొందించిన పద్ధతి పేరు గాడ్లీ ప్లే. దాని మూలాలు రోములో ఉన్నాయి. పిల్లల చదువుకు మరియా మాంటిస్సోరి రూపొందించిన విధానాన్ని అనుసరించి సోఫియా కవల్లెట్టి, జానా గొబ్బి 1954లో అక్కడ ఇలాంటి పని మొదలుపెట్టారు. ఆ మాంటిస్సోరీయే 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు!

గాడ్లీ ప్లేలో పిల్లలు నేలమీద గుండ్రంగా కూర్చుంటారు. ఎదురుగా ఇసుకపెట్టె. అదే ఎడారి. అబ్రాహాము, శారాల చెక్కబొమ్మలను కథకుడు మెల్లగా జరుపుతుంటే ఇసుకలో జాడలు పడతాయి. అతని చూపు పిల్లల మీద కాక బొమ్మల మీదే ఉంటుంది. దాంతో పిల్లల చూపూ అటే నిలుస్తుంది. ఉపమానాలైతే బంగారు రంగు పెట్టెలోంచి బయటికొస్తాయి.

కథయ్యాక ముచ్చట. నీకు ఏది బాగా నచ్చింది? ఈ కథలో నువ్వెక్కడున్నావు? ఏ ముక్క తీసేసినా కథ మిగులుతుంది? చివరిది నాకు మరీ ఇష్టమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే కథంతా మళ్లీ తలచుకోవాలి. జవాబులకు మార్కుల్లేవు, మాట్లాడాలన్న బలవంతమూ లేదు. ఆపైన రంగులు, బంకమట్టి. ఎవరికి తోచింది వాళ్లు చేస్తారు.

కష్టమంతా పెద్దవాళ్లకే. పిల్లలు ఆలోచిస్తుంటే నోరు మూసుకుని కూర్చోవాలి కదా! సండేస్కూలు టీచర్లూ, కంఠతా వాక్యాలు ఈ వారానికి ఆపి, ఒక పళ్లెంలో ఇసుక పోసి చూడండి.